కడిగిన చేతులు

పోయినవారం కెజియాని మండవల్లిలో బస్సు దింపి వదిలేశాం. భుజాన ల్యాప్‌టాప్ సంచి, చేతిలో ఏలూరులో కొన్న స్వీట్ల పొట్లం, మొహం నిండా సంతోషం. ఆ సంతోషం దేనికో మరిచిపోయినవాళ్ళకీ, ఈ వారమే మన వెంట బయల్దేరినవాళ్ళకీ రెండు ముక్కల్లో చెప్పి ముందుకు సాగుదాం.

కెజియా చదువుతున్నది డాక్టరేటు. డాక్టరు చదువు కాదు, డాక్టరేటు. ఆ తేడా ఆమె పల్లెలో ఇంకా ఎవరికీ ఒంటబట్టలేదు. పిల్లలకు జ్వరమొస్తే మాత్ర పేరు చెప్పమని ఇప్పటికీ గుమ్మంలోకి వస్తూనే ఉంటారు. పోనీ ఆ డాక్టరేటైనా ఒకచోట కుదురుగా కూర్చుని చేసేదా అంటే అదీ కాదు. వైద్యం, లెక్కలు రెండూ కలిపిన చదువు. సూక్ష్మజీవుల సంగతి ఏలూరులో ఒక మెడికల్ కాలేజీలో డాక్టర్ జగదాంబ గారి దగ్గర. ఆ సూక్ష్మజీవుల్ని కంప్యూటర్లో పెట్టి లెక్క తేల్చడం తాడేపల్లిగూడెంలో ప్రొఫెసర్ శ్రీరంగనాయకులు గారి దగ్గర. ఇద్దరు గైడ్లంటే ఇద్దరు అత్తగార్లే. ఒకరు ముందు సూక్ష్మజీవులు పెంచే ప్లేట్లు చూడమంటారు, ఇంకొకరు ముందు అంకెలు పంపమంటారు. మన పిల్ల మూడేళ్ళుగా ఆ రెండు ఊళ్ళ మధ్య పాసింజరు రైల్లోనే సగం భోజనాలు కానిచ్చింది.

ఇంతకీ ఆమె తేల్చుకోవాలనుకున్నది ఒకటే సంగతి. రొయ్యల చెరువుల్లో తెగుళ్ళు రాకుండా మేతలో యాంటీబయాటిక్ మందులు కలిపేవాళ్ళు కొందరుంటారు. ఆ మందులకు అలవాటుపడి, ఆనక ఏ మందుకూ లొంగని సూక్ష్మజీవులు తయారవుతాయి. రొయ్యల తలలు తీసే ఆడవాళ్ళ చేతులెక్కి అవి ఇళ్ళకు చేరుతున్నాయా? కలిదిండి, గణపవరం వైపు షెడ్లలో దూది పుల్లతో అరచేతులు తుడిచి తెచ్చి, ల్యాబులో ప్లేట్ల మీద పెంచితే నిండా ఆ మొండి ఘటాలే. తన సొంత పల్లె ఆడవాళ్ళ చేతుల నుంచి తెచ్చినవి మాత్రం దాదాపు ఖాళీ. ఆ పల్లె చెరువుల్లో మందు వాడకం తక్కువ. అంటే మందు తగ్గిస్తే చేతులు బాగుపడతాయన్నమాట! శ్రీరంగనాయకులు గారు దాని మీద ఒక గ్రాఫు గీశారు. అది చూసి కెజియా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆరోజే తల్లి సలోమికి ఫోను చేసి, "అమ్మా, అన్ని ఊళ్ళకన్నా మన చేతులే బాగున్నాయి" అని చెప్పేసింది.

సోమవారం ఏలూరులో కమిటీ ముందు రివ్యూ. ఆ గ్రాఫు నిలబడితే డాక్టరేటు నిలబడినట్టే. అందుకే ఆదివారం స్త్రీల సమాజం కూటంలో కూతురి కోసం ప్రత్యేక ప్రార్థన పెట్టించింది సలోమి. కెజియా బస్సు దిగింది ఆ ప్రార్థనకే.

*

పాతకాలపు మిషను గుడి అది. పైకప్పు బాగా ఎత్తు. ఫ్యాన్ల గాలి కిందికి దిగేలోపలే సగం ఖర్చైపోతుంది. భోజనాలు కానిచ్చుకుని ఆడవాళ్ళంతా తెల్లచీరలు కట్టుకొచ్చి చాపల మీద కూర్చున్నారు. వాళ్ళ కూర్చోవడంలోనే ఈమధ్య ఒక మార్పు వచ్చింది. ఒకప్పుడు చేతులు కొంగు చాటున పెట్టుకుని కూర్చునేవాళ్ళు. రొయ్య వాసన సబ్బుకి పోదు, గోళ్ళ సందుల్లో నలుపు అసలే పోదు. కెజియా ఫోను వచ్చిన నాటి నుంచి ఆ చేతులు ఒళ్ళోకి వచ్చేశాయి, అందరికీ కనబడేట్టుగా. కెజియా అది గమనించి మురిసిపోయింది.

కీర్తన అయ్యాక సలోమి లేచింది. సమాజానికి ప్రెసిడెంటు ఆవిడే. "సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే చెప్పండమ్మా. టైము చూసుకుని చెప్పండి," అంది. ఆ రెండో మాట కృపమ్మ కోసం అన్నదని అక్కడ అందరికీ తెలుసు, కృపమ్మకి తప్ప.

కృపమ్మ సలోమికి ఆడపడుచు. దేవుడు తనకు చేసిన మేళ్ళు చెప్పడానికి లేచిందంటే గేదె సుఖంగా ఈనడం దగ్గర్నుంచి గ్యాసు బండ వేళకి రావడం దాకా ఏదీ వదలదు. ఆరోజు మాత్రం తిన్నగా విషయంలోకి వచ్చేసింది.

"ప్రభువు పేరట అందరికీ వందనాలండి. నేను చదువుకున్నదాన్ని కాదు, మాట తప్పితే క్షమించాలి. మన కెజియా పాప మా చేతులు చూస్తానని వచ్చింది కదండీ, అప్పుడు మాకు ఒకటే బెంగండి. ముందురోజు సాయంత్రం దాకా తలలు తీసిన చేతులాయె. ఈ చేతులు పట్టుకెళ్ళి ఏలూర్లో పెద్ద డాక్టరమ్మకి చూపిస్తే పాప పరువేం కాను? అప్పుడు మా సలోమొదిన ఏం చేసిందో చెప్పనాండీ?"

సలోమి "చాల్లే, కూర్చో" అన్నట్టు చెయ్యి ఊపింది గాని, మొహంలో చిరునవ్వు దాగలేదు.

"చెరువులో తెగులు సోకకుండా పోస్తారు కదండీ, నురగొచ్చే మందు, అది తెప్పించి బకెట్లో కలిపింది. మోచేతుల దాకా కడగండే, గోళ్ళు కూడా వదలొద్దు, అంది. అయ్యబాబోయ్, ఎంత మండిందనుకున్నారు! పగుళ్ళలో కారం పెట్టినట్టేనండి. అయినా ఒక్కళ్ళు నోరు మెదపలేదు. అలా కడుక్కునే బల్ల దగ్గర చెయ్యి చాపేం, ఆనక పాప దగ్గర చాపేం. మరి దేవుడు ఆ చేతుల్ని ఎంత శుద్ధి చేసేడో పాపే ఫోన్లో చెప్పింది కదండీ. మన చేతులంత మంచివి ఎక్కడా లేవంట! స్తోత్రం!"

"ఆమేన్!" అని గుడంతా మోగింది. పక్కనున్న ఇద్దరు ముగ్గురు కెజియా భుజం తట్టారు. ఆమె ఒక్కతే ఆమేన్ అనలేదు. కూర్చున్న చాప ఎవరో లాగేసినట్టయింది.

ప్లేట్లు ఖాళీగా వచ్చింది మేతలో మందు తక్కువైనందుకు కాదు. బకెట్లో కలిపిన, క్రిముల్ని ఊడ్చిపారేసే ఆ నురగ మందుకి.

కలిదిండిలోనూ గణపవరంలోనూ పుల్ల తాకించే ముందు ప్రతి మనిషినీ "చేతులు కడుక్కున్నారాండీ?" అని అడిగింది కెజియా. కడుక్కున్నామంటే వాళ్ళని పక్కన పెట్టింది. జగదాంబ గారు మొట్టమొదటి రోజే నూరిపోసిన నియమం అది. సొంత పల్లెలో మాత్రం అడగలేదు. ఎలా అడుగుతుంది? కృపమ్మత్త తనకి చిన్నప్పుడు లాలపోసిన మనిషి. అంతటి పెద్దవాళ్ళని గుడి ఆవరణలో వరసగా నిలబెట్టి, చేతులు కడుక్కున్నావా అని అడిగితే మొహాన కొట్టినట్టుండదూ? దానికి తోడు, అందరూ ఒకచోట దొరుకుతారని ఏరికోరి మొదటి ఆదివారం పెట్టుకుంది. ప్రభువు బల్ల రోజు, గుడిలో రొట్టె, ద్రాక్షరసం అందుకునే రోజు. పగుళ్ళలో చేరిన సూక్ష్మజీవులు మామూలు సబ్బుకి పోవని చదువుకుంది కాబట్టి, ఆదివారమైతేనేం అనుకుంది. సబ్బుకి పోవు, నిజమే. కానీ బల్ల రోజున ఈ పల్లె ఆడవాళ్ళు సబ్బుతో సరిపెట్టుకోరని, అందులోనూ తన కూతురి పరువు సంగతైతే సలోమి అసలే సరిపెట్టుకోదని, ఈ గుడి చాపల మీద పెరిగిన పిల్లకి తట్టలేదు. ఆ తెలివితక్కువకి దాన్ని నాలుగు తిట్టాలనే ఉంది నాకు. కాకపోతే అప్పటికే తనని తాను తిట్టుకుంటున్న పిల్లని మనం ఇంకేం తిడతాం?

పాస్టరుగారు ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. రేపటి పరీక్షలో విజయం ఇమ్మని అడిగారు. కెజియా కళ్ళు మూసుకుంది గాని ఆ ప్రార్థనలో ఒక్క మాట చెవిన పడలేదు.

*

ఇంటికి వచ్చాక సలోమి పొయ్యి వెలిగించి టీ పెట్టింది. ఇంకా కృపమ్మ మాటల వేడిలోనే ఉంది ఆవిడ.

"అమ్మా, ఆ మందు సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"ఏ మందే?"

"అత్త చెప్పింది కదా. బకెట్లో కలిపేవని."

"ఓస్, అదా! చెప్పడానికేముందే? తల దువ్వుకుని వచ్చేమని కూడా చెప్పాలా నీకు?" అని నవ్వింది సలోమి. కూతురి మొహం చూసి నవ్వు ఆపేసింది. "ఏమైందే? అలా ఉన్నావేం?"

కెజియా చెప్పింది. ఏలూరులో వాడే మాటలు ఒక్కటీ వాడకుండా, చిన్నపిల్లకు అన్నం కలిపి పెట్టినంత మెల్లగా చెప్పింది. తను చూడాలనుకున్నది పనిలో ఉన్న చేతుల్ని. ఆ మందు పోసి కడిగేసరికి చూడాల్సినవన్నీ చచ్చిపోయాయి. గ్రాఫు తప్పు. మూడేళ్ళ పనిలో సగానికి సగం తప్పు.

సలోమి గిన్నె దించి కింద పెట్టింది. టీ వడకట్టలేదు. "అంటే నువ్వు మా చేతుల మీద మురికి వెతకడానికి వచ్చేవా?"

"మురికి కాదమ్మా. సూక్ష్మజీవులు."

"ఏదో ఒకటిలే. మా నోటికి అది మురికే."

"మిమ్మల్ని తక్కువ చెయ్యడానికి కాదమ్మా. ఆ మేతలో కలిపే దానివల్ల మీ ఒంటికి ఏం పట్టుకుంటోందో అందరికీ చూపించడానికి."

"అందరికీ చూపించడానికి మా చేతులే దొరికేయా?"

సలోమి పీట మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ మాట్లాడింది.

"నీకు ఆరో క్లాసులో టైఫాయిడ్ వచ్చింది, గుర్తుందా? హాస్టలు వాళ్ళు ఆసుపత్రిలో చేర్చి కబురు పెట్టేరు. షెడ్లోంచి అలాగే బస్సెక్కేసేను. దిగేక బోరింగు దగ్గర కడుక్కున్నాను. ఆసుపత్రి కుళాయి దగ్గర మళ్ళీ కడుక్కున్నాను. నీ నుదుటి మీద చెయ్యి వెయ్యబోతే అక్కడి నర్సమ్మ ముక్కు మూసుకుని, ఆ చేతుల్తో పిల్లని ముట్టుకోకు, అంది. ముట్టుకోలేదే. గుమ్మం బయట కూర్చున్నాను, నీ జ్వరం దిగేదాకా. నువ్వు అమ్మా అమ్మా అని కలవరిస్తుంటే వింటా కూర్చున్నాను."

ఆ జ్వరం కెజియాకి గుర్తుంది. అమ్మ రావడం ఆలస్యమైందని ఆమెకు గుర్తు. ఆ మాట మీద ఇన్నేళ్ళూ లోలోపల ఒక చిన్న అలక కూడా పెట్టుకుంది. ఇప్పుడు ఆ అలకంతా తన మీదికే తిరిగింది.

"నాకెప్పుడూ చెప్పలేదేమ్మా?"

"చెప్పుకునే మాటా అది? నాకే కాదు, మాలో ప్రతి మనిషికీ ఇలాంటిదేదో ఒకటుంది. పెళ్ళి భోజనాల్లో వడ్డించడానికి పిలవరు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు లేచిపోతారు. మొన్న నువ్వు ఫోను చేసి మా చేతులు బాగున్నాయన్నావు. పుట్టి బుద్ధెరిగేక ఆ మాట అన్న మనిషివి నువ్వొక్కదానివే. ఆ కృపమ్మ చూడు, ఇంత వయసొచ్చేక గాజులు కొనుక్కుంది. ఇప్పుడు నువ్వే వచ్చి, అది ఉత్తమాట, మీ చేతులు మురికివే, అని చెప్తావా? మాకున్న ఒక్క మంచిమాటా నువ్వే తీసేసుకుంటావా?"

కెజియా తల్లి పక్కన నేల మీద కూలబడింది. చదువు పోతుందన్న భయం గుడిలోనే మొదలైంది. దాన్ని ఎలాగో మింగుకోగలదు. ఈ మాటని ఎలా మింగుకోవాలో ఆమెకు తెలియలేదు. అయినా, ఏడుపు ఆపుకుని, చెప్పాల్సింది చెప్పింది.

"నేను నోరు మూసుకుంటే ఆ గ్రాఫు పుస్తకాల్లోకెక్కుతుందమ్మా. ఈ ఊళ్ళో అంతా బాగుంది, ఎవరూ చూడక్కర్లేదు అని ఖాయమైపోతుంది. రేపు నీకో అత్తకో రొయ్య ముల్లు గుచ్చుకుని, చెయ్యి వాచి, ఏ మందూ పనిచెయ్యకపోతే? అప్పుడు డాక్టర్లు నా పేరు మీదున్న కాయితం చూసి, ఆ ఊళ్ళో అలాంటివి లేవే అంటారు. నేను అలా అనిపించలేనమ్మా."

సలోమి లేచి, చల్లారిన టీ మళ్ళీ పొయ్యి మీద పెట్టింది.

"నీ చదువు నీ ఇష్టం. నన్నేమీ అడక్కు," అంది, ఇటు తిరక్కుండానే.

తెల్లారి కెజియా లేచేసరికి సలోమి షెడ్డుకి వెళ్ళిపోయింది. ఇప్పటిదాకా ఏ పరీక్షకి బయల్దేరినా కూతురి తల మీద చెయ్యేసి ప్రార్థన చెయ్యకుండా గడప దాటనివ్వని మనిషి ఆవిడ. ఎవరూ లేని ఇంటికి తాళం వేసి, తాళంచెవి పక్కింట్లో ఇచ్చి, కెజియా ఒంటరిగా బస్సెక్కింది. కైకలూరు దాటాక రెండు పక్కలా చెరువులే. నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు తుంపర్లు చిమ్ముతూ తిరుగుతున్నాయి. వచ్చినప్పుడల్లా చూసే దృశ్యమే, ఈరోజు దాని వంక చూడబుద్ధి కాలేదు.

*

రివ్యూకి ముందే ఇద్దరు గైడ్లూ జగదాంబ గారి గదిలో కలిశారు. కెజియా కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పేసింది.

జగదాంబ గారిది ఏలూరులో మూడు తరాలుగా బట్టల వ్యాపారం చేసిన కుటుంబం. మాట కూడా గజం బద్ద పెట్టి కోసినట్టే ఉంటుంది. విన్నంతసేపూ కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చుని, చివర్న, "ఎంత పని చేశావే పిల్లా," అన్నారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "తప్పు నాది కూడా. ప్లేట్లు అంత ఖాళీగా వస్తే అరే, ఇదేంటి అని నేనొక్క మాట అడగాల్సింది. మంచి కబురు కదా అని నేనూ సంబరపడిపోయాను," అన్నారు.

శ్రీరంగనాయకులు గారు మెత్తని మనిషి. విద్యార్థుల మీద ఇంతవరకూ గొంతు పెంచి ఎరగరు. ఆయన మొహం పాలిపోయింది. ఆ గ్రాఫు మీద ఆయన కష్టం కూడా ఉంది మరి.

"చూడమ్మా, నేను అబద్ధమాడమనడం లేదు," అన్నారాయన. "ఈ పూటకి ఆ స్లైడు పక్కన పెట్టేద్దాం. ఇంకా పరిశీలనలో ఉందని ఒక్క మాట అనేసి, మిగతాది చూపించు. రివ్యూ గట్టెక్కనీ. ఆ తర్వాత మనం నింపాదిగా సరిదిద్దుకుందాం. ఇప్పుడు చెప్పేస్తే కమిటీ ఏం చేస్తుందో నా చేతుల్లో ఉండదమ్మా."

చెడ్డ సలహా అని ఆయన్ని ఒక్క మాట అనలేం. ఆ పిల్ల మీద అభిమానంతోనే అన్నారు. కెజియాకి కూడా ఆ క్షణంలో ఆ మాట ఎండలో మజ్జిగ తాగినంత హాయిగా ఉంది. స్లైడు పక్కన పెట్టేస్తే తన చదువు నిలుస్తుంది. అమ్మ అడిగింది కూడా దక్కుతుంది. కృపమ్మత్త గాజులు ఆ చేతులకే ఉంటాయి. ఎవరికీ ఏమీ పోదు.

ఆమె జగదాంబ గారి వైపు చూసింది.

"నన్ను చూడకు," అన్నారావిడ. "నీ బదులు నేను చెప్పను. నిన్ను ఆపను కూడా. పద, టైమైంది."

కమిటీ గదిలో ఏసీ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. బయటి నుంచి వచ్చిన పరీక్షకులు డాక్టర్ వరదానం గారు. ప్రజారోగ్యంలో ఏళ్ళ తరబడి పనిచేసి రిటైరైన పెద్దాయన. కలిదిండి అంకెలు చూసి తలాడించారు. గణపవరం ప్లేట్ల ఫొటోలు చూసి, "బాగా చేశారమ్మా," అన్నారు. తర్వాతి బటను నొక్కితే గ్రాఫు. కెజియా వేలు ఆ బటను మీద ఆగింది. దాన్ని దాటేసి వెళ్ళే బటను దాని పక్కనే ఉంది.

గ్రాఫు నొక్కింది.

"ఇది తప్పండీ," అంది.

శ్రీరంగనాయకులు గారు తల వంచుకున్నారు. గదిలో మిగతావాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. కెజియా తను ఆదివారం నమూనాలు తీసుకున్నాననీ, అందరినీ అడిగిన ప్రశ్న తన వాళ్ళని మొహమాటపడి అడగలేదనీ, వాళ్ళు మందుతో చేతులు కడుక్కుని వచ్చారనీ చెప్పింది. బకెట్లో కలిపింది ఎవరో చెప్పలేదు. "వాళ్ళ తప్పేమీ లేదండీ. అడగకపోవడం నాదే తప్పు," అంది.

"ఏ ఆదివారమమ్మా?" అని అడిగారు వరదానం గారు.

"మొదటి ఆదివారమండీ."

"బల్ల ఆదివారమా!" ఆయన కళ్ళద్దాలు తీసి సన్నగా నవ్వారు. "మా అమ్మగారు ఆరోజు మాకు చెవుల వెనకాల కూడా పీచుతో తోమేసేవారు. మీరు అడిగినా అడక్కపోయినా వాళ్ళు కడుక్కునే వస్తారమ్మా." పక్కనున్నవాళ్ళకి ఆ నవ్వు అర్థం కాలేదు. కెజియాకి మాత్రం అర్థమైంది.

కానీ నవ్వు నవ్వే, నిర్ణయం నిర్ణయమే. ఆమెను కాసేపు బయట కూర్చోబెట్టి, మళ్ళీ పిలిచి, వరదానం గారే చెప్పారు.

"నిజం చెప్పారు, సంతోషం. కాని ఆ ఊరి అంకెలన్నీ తీసెయ్యాలి. అవి తీసేస్తే పోల్చి చూపడానికి మీ దగ్గర ఇంకో ఊరు లేదు, మందు తక్కువ వాడే చెరువులు మీకు దొరికింది అక్కడే. కాబట్టి మళ్ళీ తియ్యాలండి. ఆ ఆడవాళ్ళ దగ్గరే, పని మధ్యలో, కడగని చేతులు. వాటి మీద ఏం వెతుకుతున్నారో, అది దొరికితే లోకం ఏమనుకుంటుందో ముందే దాచకుండా చెప్పి, వాళ్ళ ఇష్టంతో తియ్యాలి. వాళ్ళు సరేనంటే మీకు గడువు ఇస్తాం. కాదంటే ఈ పనిని డాక్టరేటుగా ముందుకు పంపించలేం. సాయంత్రం మేము రిపోర్టు రాసుకుంటాం. ఈలోగా వాళ్ళ మాటేమిటో కనుక్కుని చెప్పండి. బలవంతపెట్టొద్దు."

కెజియా వరండాలోకి వచ్చింది. తన కష్టమంతా ఇప్పుడు ఎవరి చేతుల్లో ఉందో ఆమెకు తెలుసు. తను ఇంకో మాటు సూటిగా చూడలేనేమో అని భయపడుతున్న మనిషి చేతుల్లోనే. ఫోను చేతిలో పెట్టుకుని కాసేపు గోడకు ఆనుకుని నిలబడి, చివరికి నొక్కింది.

ఒక్క రింగుకే ఎత్తింది సలోమి. ఫోను పట్టుకునే కూర్చున్నట్టుంది.

"చెప్పేసేవా?"

"చెప్పేసేనమ్మా."

అవతల నిట్టూర్పు వినపడింది. "నా పేరు చెప్పేవా?"

"లేదమ్మా. నేను అడగలేదని చెప్పేను. అమ్మా, ఇంకో మాట. వాళ్ళు ఏమన్నారంటే..."

"ఆగు. ఏమన్నా సరే, నాకొక్కదానికే చెప్పకు." సలోమి గొంతు బొంగురుపోయి ఉంది, కోపంతోనో ఏడ్చో తెలియడం లేదు. "అందరూ ఇక్కడే షెడ్లో ఉన్నారు. పొద్దుట్నుంచి తలలు తీస్తానే నీ కోసం ప్రార్థన చేస్తున్నారు. అన్నానికి కూడా లేవలేదు. నేను వాళ్ళతో ఏమీ అనలేదే. ఎలా చెప్పాలా అని రాత్రంతా చూసేను, నాకు నోరు రాలేదు. పెద్ద పెద్దోళ్ళ ముందు చెప్పగలిగేవు కదా? వీళ్ళకీ నువ్వే చెప్పు."

"అమ్మా, ఇప్పుడు కాదు, నేనే వచ్చి..."

"స్పీకరు పెడుతున్నాను."

ఐసు ముక్కలు కూలుతున్న చప్పుడు, కుళాయి నీళ్ళ చప్పుడు ఒక్కసారిగా దగ్గరికొచ్చాయి. ఎవరో కుళాయి కట్టేశారు. "ష్, పాప, పాప" అని ఒకళ్ళనొకళ్ళు ఊరుకోబెట్టుకోవడం వినపడింది. ఆ తర్వాత, ఫోనుకి బాగా దగ్గరగా, ఉత్సాహం పట్టలేక కృపమ్మ అరిచింది.

"ఏం పాపా! పాసయ్యావా?"